శివారు ఆయకట్టు యూనివర్సిటీలు

మైక్ వినపడుతోందా? వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

అందరికీ నమస్కారం. ఈ విషయం విజయవాడలో మాట్లాడటం నాకు సంతోషంగా ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ అనగానే మనకు విశాఖ గుర్తొస్తుంది కానీ, అది 1926లో పుట్టింది ఈ బెజవాడలో. వాల్తేరుకు వెళ్లింది 1930లో. అది పుట్టి దాదాపు నూరేళ్లు. ఈ నూరేళ్లలో మనకు యూనివర్సిటీలు చాలా వచ్చాయి. బోర్డులన్నిటి మీదా విశ్వవిద్యాలయం అనే రాసి ఉంటుంది. లోపలికి వెళితే మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పోలికే ఉండదు. అది ఎందుకో, డబ్బు ఏ దారిలో వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో నాకు తెలిసినంత చెబుతాను. నేను రెండు వైపులా ఉన్నవాణ్ని. ఎమ్మెస్సీ ఒక జిల్లా పీజీ సెంటర్లో చదివాను, పీహెచ్‌డీ ఒక కేంద్ర విశ్వవిద్యాలయంలో చేశాను, ఉద్యోగమంతా ఒక జిల్లా యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పాను. ఆ సంస్థల పేర్లు చెప్పను. అక్కడి మనుషుల మీద నాకు ఫిర్యాదు లేదు.

ముందు ఒక చిన్న లెక్క. హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది, అది కేంద్రానిది. తార్నాక దగ్గర ఉస్మానియా ఉంది, అది రాష్ట్రానిది. రెండూ ప్రభుత్వానివే, ఉన్నదీ ఒకే ఊళ్లో. ఒక ఇంటి నుంచి అక్క గచ్చిబౌలిలో, చెల్లి తార్నాకలో పీహెచ్‌డీకి చేరారనుకోండి. నెట్ అనే జాతీయ పరీక్షలో పైస్థాయిలో నెగ్గినవాళ్లకు ఇచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే ఎక్కడ చదివినా ఒకటే, మొదటి రెండేళ్లూ నెలకు 37,000 ఇస్తారు. ఇద్దరికీ అది రాలేదనుకుందాం. అప్పుడు అక్కకు యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ కింద నెలకు 8,000 రూపాయలు వస్తాయి. చెల్లికి రావు. ఆ పథకం కేంద్ర విశ్వవిద్యాలయాల పిల్లలకే. నాలుగేళ్లకు లెక్కేస్తే 3 లక్షల 84 వేల రూపాయలు. అక్క తెలివి ఎక్కువనో, చెల్లి తెలివి తక్కువనో ఈ తేడా రాలేదు. జీతాల బిల్లు ఏ ఖజానా నుంచి వస్తుందన్నదే తేడా.

ఆ 8,000 అయినా ఏం పెద్ద మొత్తం కాదు. ఎన్నో ఏళ్లుగా అంతే ఉంది. 2015లో దాన్నీ తీసేస్తామంటే ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు పిల్లలు చలిలో వారాల తరబడి కూర్చున్నారు. వాళ్లు చేసింది న్యాయం. కానీ అదే రోజుల్లో మా దగ్గర రీసెర్చ్ చేస్తున్న కుర్రాడు నన్ను అడిగాడు: "సార్, అది పోతుందని వాళ్లు ధర్నా చేస్తున్నారు. మనకు అసలు లేనేలేదు కదా, మనం ఎక్కడ కూర్చోవాలి?" నేను జవాబు చెప్పలేకపోయాను.

కృష్ణా డెల్టాలో ఉన్నవాళ్లకు నేను వేరే ఉపమానం చెప్పనక్కర్లేదు. కాలువ మొదట్లో పొలం ఉన్న రైతుకు నీళ్లు వస్తాయి. శివారు ఆయకట్టు రైతు రాత్రి లాంతరు పట్టుకుని గట్టు మీద కూర్చుంటాడు. శిస్తు ఇద్దరూ కట్టాల్సిందే.

చదువు విషయంలో ఏ ప్రాంతానికి ఎంత అన్న పేచీ మనకు కొత్తది కాదు. ఆంధ్రా యూనివర్సిటీ పుట్టినప్పుడే అది ఏ ఊళ్లో ఉండాలని తగువు జరిగింది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. అందులో నీళ్ల మాట ఉంది, రాజధాని మాట ఉంది. వాటితో పాటు యూనివర్సిటీ మాట కూడా ఉంది: వాల్తేరులో ఉన్నట్టే అనంతపురంలోనూ ఒక కేంద్రం పెట్టాలని. తర్వాత 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం తిరుపతిలో వచ్చింది. అనంతపురానికి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం రావడానికి 1981 దాకా పట్టింది. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత ఆరు సూత్రాల పథకం వచ్చింది కదా, అందులోనూ ఒక సూత్రం యూనివర్సిటీయే. దానికోసం రాజ్యాంగాన్నే సవరించి 371-ఈ అధికరణం చేర్చారు. అలా వచ్చిందే 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం. మన పెద్దవాళ్లు ఒక యూనివర్సిటీని ప్రాజెక్టుతో సమానంగా చూశారు. ఈ సంగతి ఇప్పటి పిల్లలకు తెలియాలి, అందుకే చెబుతున్నాను.

పాతవాటికి ఇంకో బలం ఉంది. పుట్టినప్పుడే వాటిని ఎత్తుకున్న చేతులు ఉన్నాయి. ఉస్మానియాను 1918లో నిజాం పెట్టాడు, ఒక రాజ్యం ఖజానా వెనక ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో సైన్స్, టెక్నాలజీ చదువుల కోసం జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. 1930లలో లక్ష రూపాయలంటే ఎంతో మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి. కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ లాంటివాళ్లు వైస్ ఛాన్సలర్లుగా ఉండి ఎక్కడెక్కడి నుంచో మంచి అధ్యాపకుల్ని వెతికి తెచ్చారు.

ఇక 2006 నుంచి 2008 మధ్య పుట్టినవాటి సంగతి. యోగి వేమన, ఆదికవి నన్నయ, తెలంగాణ యూనివర్సిటీ, మహాత్మా గాంధీ, శాతవాహన, పాలమూరు, కృష్ణా, విక్రమ సింహపురి, రాయలసీమ, శ్రీకాకుళం అంబేద్కర్... ఇలా వరసగా వచ్చాయి. జిల్లాకో యూనివర్సిటీ అన్నారు. మంచి ఆలోచన. నేను ఇప్పటికీ దాన్ని సమర్థిస్తాను, ఎందుకో తర్వాత చెబుతాను. కానీ ఇవి ఎలా పుట్టాయి? వీటిలో చాలావరకు అప్పటికే ఉన్న పీజీ సెంటర్లు. కడపలో ఎస్వీయూ పీజీ సెంటర్, కర్నూలులో ఎస్కేయూ పీజీ సెంటర్, రాజమండ్రిలో, శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో ఆంధ్రా యూనివర్సిటీవి, నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ఉస్మానియావి, కరీంనగర్‌లో కాకతీయది. నాలుగు గదులు, పదిమంది టీచర్లు ఉన్న సెంటర్‌కు బోర్డు మార్చి, ఒక వైస్ ఛాన్సలర్‌ను, ఒక రిజిస్ట్రార్‌ను వేశారు. బోర్డు మార్చినంత తొందరగా పోస్టులు రాలేదు.

ఇందులో తల్లి యూనివర్సిటీకి కూడా నష్టం జరిగింది. డిగ్రీ కాలేజీల దగ్గర వసూలు చేసే అఫిలియేషన్ ఫీజు, పరీక్ష ఫీజు రాష్ట్ర యూనివర్సిటీలకు పెద్ద ఆదాయం. గోదావరి జిల్లాల కాలేజీలు నన్నయకు, శ్రీకాకుళం కాలేజీలు అంబేద్కర్ యూనివర్సిటీకి వెళితే విశాఖలో ఆ రాబడి తగ్గింది. రిటైరైనవాళ్ల పెన్షన్లు మాత్రం విశాఖలోనే ఉండిపోయాయి. రాష్ట్రం ఇచ్చే డబ్బును బ్లాక్ గ్రాంటు అంటారు. పాత యూనివర్సిటీల్లో అందులో పెద్ద భాగం జీతాలకు, పెన్షన్లకే అయిపోతుంది. కాబట్టి పేపర్లో "ఫలానా యూనివర్సిటీకి ఇన్ని కోట్లు" అని చూసి ల్యాబులకు, లైబ్రరీకి అన్ని కోట్లు వెళ్లాయనుకోకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాస్త ఓపికగా వినండి, ఇది రూల్స్ సంగతి.

యూజీసీ చట్టం 1956ది. దానిలో 12-బి అని ఒక సెక్షన్ ఉంది. 1972 జూన్ 17 తర్వాత పుట్టిన యూనివర్సిటీ ఏదైనా, నేను గ్రాంటుకు తగినదాన్ని అని నిరూపించుకుంటేనే కేంద్రం డబ్బు వస్తుంది. తగినది అంటే ఏమిటి? రెగ్యులర్ అధ్యాపకులు ఉండాలి, సొంత భవనాలు ఉండాలి, ల్యాబులు ఉండాలి, లైబ్రరీ ఉండాలి. మరి అవి లేకనే కదా గ్రాంటు అడుగుతున్నది! పిల్లాడు చిక్కిపోయాడని పాలు అడిగితే, బొద్దుగా ఉంటేనే పాలు పోస్తామన్నట్టుగా ఉంటుంది. ఈ రూలు పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. పేరుకు మాత్రమే యూనివర్సిటీలు పెట్టి డబ్బు తినకుండా ఆపాలనుకున్నారు. పెట్టిన ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన రూలు అది. దాని దెబ్బ తగిలింది మాత్రం చేరిన పిల్లలకు.

ఆ గడప దాటినా ఇంకో గడప ఉంటుంది. రీసెర్చ్ గ్రాంటుకు పాత ప్రచురణలు అడుగుతారు. డిపార్ట్‌మెంటుకు పరికరాలు ఇచ్చే పథకానికి ఇంతమంది రెగ్యులర్ ఫ్యాకల్టీ ఉండాలంటారు. యూనివర్సిటీల నాణ్యతను కొలిచే న్యాక్ సంస్థ దగ్గర మంచి గ్రేడు ఉంటే నిధులు, నిధులు ఉంటే మంచి న్యాక్ గ్రేడు. 2013లో రూసా వచ్చింది, రాష్ట్రాల యూనివర్సిటీలు, కాలేజీల కోసమే పెట్టిన పథకం. అందులో మనలాంటి రాష్ట్రాలకు నూటికి కేంద్రం 65, రాష్ట్రం 35 అని మొదట అన్నారు, తర్వాత 60, 40 చేశారు. ఆ 40 వేసే స్తోమత, మనసు రెండూ ఉన్న రాష్ట్రానికే 60 అందుతుంది.

ఈ మాటకు ఒక ఉదాహరణ ఉంది. 2017లో కేంద్రం 'ఇన్‌స్టిట్యూషన్స్ ఆఫ్ ఎమినెన్స్' అని ఒక పథకం పెట్టింది. ఎంపికైన ప్రభుత్వ సంస్థకు వెయ్యి కోట్ల దాకా ఇస్తారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఆ హోదా వచ్చింది, దానికి ఆ అర్హత ఉంది. చెన్నైలో అన్నా యూనివర్సిటీ, కోల్‌కతాలో జాదవ్‌పూర్ కూడా పరిశీలనకు వచ్చాయి. కానీ అవి రాష్ట్రానివి. మీ రాష్ట్రం తన వాటా పెడుతుందా అని అడిగారు. చివరికి ఆ రెండింటికీ హోదా రాలేదు. దేశంలోనే పేరున్న రాష్ట్ర యూనివర్సిటీల పరిస్థితి అది. ఇక ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ, డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ లాంటివాటి మాట మీరే ఊహించుకోండి.

దీన్ని నేను నా కళ్లతో చూసింది ఒక చిన్న గాజు సీసాలో. ఆర్గానిక్ కెమిస్ట్రీలో కొత్త పదార్థం తయారుచేస్తే దాని నిర్మాణం తేల్చడానికి ఎన్ఎంఆర్ అనే మెషిన్ మీద పరీక్ష చేయాలి. నేను పీహెచ్‌డీ చేసినచోట ఆ మెషిన్ మా బిల్డింగ్‌లోనే ఉండేది. పొద్దున శాంపిల్ ఇస్తే సాయంత్రానికి కాగితం చేతికి వచ్చేది. తప్పు చేస్తే ఆ రోజే తెలిసేది, మర్నాడు మళ్లీ చేసేవాళ్లం. నేను ఉద్యోగం చేసిన జిల్లా యూనివర్సిటీలో ఆ మెషిన్ లేదు. నా విద్యార్థులు శాంపిళ్లు చిన్న సీసాల్లో పోసి, దూదిలో చుట్టి, టిఫిన్ బాక్సులో పెట్టుకుని రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లేవాళ్లు. శాంపిల్‌కు ఇంత అని డబ్బు కట్టాలి, అది వాళ్ల జేబులోది. రిపోర్టు వారానికో పది రోజులకో వచ్చేది. చూస్తే పదార్థం శుద్ధంగా లేదని తేలేది. మళ్లీ మొదటి నుంచి. అక్కడ రెండు రోజుల పని ఇక్కడ నెల పట్టింది. మరి ఐదేళ్లకు ఎన్ని పేపర్లు రాస్తారు? తక్కువ రాస్తారు. అప్పుడు మీ దగ్గర పబ్లికేషన్లు లేవు కాబట్టి గ్రాంటు ఇవ్వలేమని ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం నాకు ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చింది. అలా తిరిగిన పిల్లల్లో ఒకమ్మాయి మధ్యలో మానేసింది. ఆమె చేతి నైపుణ్యం నేను పీహెచ్‌డీ చేసినచోట కూడా చాలామందిలో చూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

పరికరాలకంటే పెద్ద లోటు మనుషులది. 2025 ఫిబ్రవరిలో నీతి ఆయోగ్ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మీద ఒక నివేదిక ఇచ్చింది. దేశంలో ఉన్నత విద్య చదివే పిల్లల్లో 81 శాతం మంది వీటి కిందే ఉన్నారు, అనుబంధ కాలేజీలతో కలిపి 3 కోట్ల 25 లక్షలకు పైగా. వీటిలో అధ్యాపకుల పోస్టులు 40 శాతానికి పైగా ఖాళీ. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. నూటికి ఎనభై మంది ఉన్న బడిలో పదిమంది టీచర్లకు నలుగురు లేరు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా డిపార్ట్‌మెంట్లలో పరిస్థితి అంతకంటే కష్టంగా ఉంది. నోటిఫికేషన్ ఇస్తారు, కోర్టులో కేసు పడుతుంది, ఈలోగా ప్రభుత్వం మారుతుంది, మళ్లీ మొదలు. ఈలోపు కాంట్రాక్టు వాళ్లు, గెస్టు ఫ్యాకల్టీ, పార్ట్ టైమ్ వాళ్లు, మన వైపు అకడమిక్ కన్సల్టెంట్లు అంటాం, వీళ్లే పాఠాలు చెబుతున్నారు. పదిహేనేళ్లు పాఠం చెప్పి, పీహెచ్‌డీ ఉండి, నెట్ ఉండి, వేసవిలో జీతం రాదని టెన్షన్ పడే మనిషిని నేను రోజూ స్టాఫ్ రూమ్‌లో చూశాను. రూల్స్ ప్రకారం వాళ్లలో చాలామంది రీసెర్చ్ గైడ్‌గా ఉండలేరు, పెద్ద ప్రాజెక్టుకు దరఖాస్తు పెట్టుకోలేరు. డిపార్ట్‌మెంటు వాళ్ల భుజాల మీద నడుస్తుంది, ర్యాంకుల లెక్కలోకి వచ్చేసరికి అందులో రెగ్యులర్ వాళ్లు లేరంటారు.

ర్యాంకుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. విద్యాసంస్థలకు కేంద్రం తరఫున ఎన్ఐఆర్ఎఫ్ అనే ర్యాంకులు 2016 నుంచి ఇస్తున్నారు. 2024లో మొదటిసారి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలకు విడిగా జాబితా వేశారు. అందులో ఉస్మానియాకు 6, ఆంధ్రాకు 7 వచ్చాయి. విడిగా వేయడం మంచి పనే, ఐఐటీతో పక్కన నిలబెట్టి కొలవడం అన్యాయం. అంతకష్టంలోనూ ఆ ర్యాంకులు తెచ్చుకున్నారంటే అక్కడ పనిచేస్తున్నవాళ్లకు దండం పెట్టాలి.

కేంద్రానిది అయితే చాలు అన్నీ ఉంటాయని కూడా అనుకోకండి. 2014 విభజన చట్టంలో ఏపీకి ఒక కేంద్ర విశ్వవిద్యాలయం, రెండు రాష్ట్రాలకూ చెరొక గిరిజన విశ్వవిద్యాలయం అని రాశారు. అనంతపురంలోది 2018లో మొదలైంది. విజయనగరంలో గిరిజన విశ్వవిద్యాలయం 2019లో, అదీ ఆంధ్రా యూనివర్సిటీ పాత క్యాంపస్‌లో. ములుగుది సమ్మక్క సారక్క పేరు మీద, దానికి చట్టం వచ్చేసరికే 2023 అయింది. ఇచ్చిన మాట కాగితం మీద తొమ్మిదేళ్లు ఉంది. ఆ తొమ్మిదేళ్లలో ఇంటర్ దాటి డిగ్రీ, డిగ్రీ దాటి పెళ్లి అయిపోయిన గిరిజన ఆడపిల్లలు ఎంతమందో.

ఇదంతా మారదా అంటే, మారిన చోటు ఒకటి చూపిస్తాను. రీసెర్చ్ పత్రికలు. ఒక్కో పత్రిక చందా లక్షల్లో ఉంటుంది. నేను చేరిన కొత్తలో ఒక పేపర్ కావాలంటే పెద్ద క్యాంపస్‌లో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి బతిమాలేవాణ్ని. 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' ఒప్పుకుంది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు, 6,300 సంస్థలు. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. కేంద్రానిదా, రాష్ట్రానిదా, న్యాక్ గ్రేడు ఎంత, 40 శాతం వాటా కట్టారా అని అడగలేదు. ప్రభుత్వ సంస్థ అయితే చాలన్నారు. ఈ ఒక్క విషయంలో శివారు పొలానికి కూడా కాలువ మొదట్లో ఉన్నంత నీరు వచ్చింది. నాకు తెలిసిన ఒక గెస్టు లెక్చరర్ ఫోన్ చేసి, "సార్, పూర్తి పేపర్ ఓపెన్ అవుతోంది" అని చెబుతుంటే అతని గొంతులో సంతోషం విన్నాను. పత్రికలకు చేయగలిగింది ఫెలోషిప్‌కు ఎందుకు చేయలేం? 8,000 ఇవ్వాలనుకుంటే అక్కకూ చెల్లికీ ఇవ్వండి. పెద్ద మెషిన్లు ప్రతి ఊళ్లో పెట్టలేమంటారు, ఒప్పుకుంటాను. మరి జిల్లా యూనివర్సిటీ పిల్లలకు శాంపిల్ ఫీజు మాఫీ చేసి, బస్సు చార్జీ ఇచ్చి, వారానికి ఒక రోజు ఆ మెషిన్ వాళ్లకే కేటాయించవచ్చు కదా?

కేంద్రాన్ని మాత్రమే అంటే అది సగం నిజం. కొత్త యూనివర్సిటీ జీవో ఇచ్చిన రోజునే ఇన్ని పోస్టులు, ఇన్నేళ్లలో నింపుతాం, ఇంత డబ్బు అని రాయకుండా సంతకం పెట్టింది మన రాష్ట్ర ప్రభుత్వాలే. అన్ని పార్టీలూ. శంకుస్థాపనకు వచ్చినవాళ్లలో పదేళ్ల తర్వాత స్టాఫ్ రిజిస్టర్ చూడటానికి వచ్చినవాళ్లు నాకు కనపడలేదు.

జిల్లా యూనివర్సిటీలను ఎందుకు సమర్థిస్తానో చెబుతానన్నాను. నా క్లాసుల్లో ఎప్పుడూ సగానికి మించి అమ్మాయిలే ఉండేవాళ్లు. వాళ్లలో చాలామంది ఇంటి నుంచి బస్సులో వచ్చి వెళ్లేవాళ్లు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో సీటు వస్తే ఇంట్లో పంపేవాళ్లు కాదు. ఆ యూనివర్సిటీ లేకపోతే వాళ్లకు ఎమ్మెస్సీ లేదు. కూలికి వెళ్లే తల్లి కూతురు అక్కడికి వస్తుంది. అందుకే అక్కడే టీచర్ ఉండాలి, అక్కడే ల్యాబులో గ్యాస్ ఉండాలి, అక్కడే హాస్టల్లో నీళ్లు రావాలి.

ఇక ఆపుతాను. ఎవరైనా అడగాల్సింది ఉంటే అడగండి.

(సభలో ఒక తల్లి: మాస్టారూ, మా అమ్మాయికి జిల్లా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. మీరు చెప్పింది వింటే భయం వేస్తోంది. చేర్చమంటారా, వద్దంటారా?)

చేర్చండమ్మా. భయపెట్టడానికి చెప్పలేదు. కానీ చేర్చే ముందు ఒకసారి మీరే వెళ్లండి, అమ్మాయిని తీసుకుని. డిపార్ట్‌మెంట్‌లో రెగ్యులర్ టీచర్లు ఎంతమంది, ఎవరు అని అడగండి. వారానికి ల్యాబు ఎన్ని గంటలో సీనియర్ పిల్లల్ని అడగండి, ఆఫీసులో కాదు. లేడీస్ హాస్టల్లో గది ఉందో లేదో, రాత్రి లైబ్రరీ ఎంతవరకు తీసి ఉంచుతారో కనుక్కోండి. ల్యాబు తలుపు తీయించి లోపల చూడండి. చూడకూడదని ఎవరూ అనరు, అది మీ పన్ను డబ్బుతో కట్టింది. లేనివి ఏమిటో ఒక కాగితం మీద రాసి రిజిస్ట్రార్‌కు ఇవ్వండి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. మీతో పాటు చేరిన పిల్లల తల్లిదండ్రులు ఇంకో నలుగురి చేత కూడా ఇప్పించండి. అమ్మాయిది ఏ సబ్జెక్టు? కెమిస్ట్రీయా? అయితే సభ అయ్యాక నా దగ్గరకు తీసుకురండి, మాట్లాడతాను.